లుండ్ సదస్సులో మా చోళపురం పిల్ల

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెడ్జర్లు, లోన్లు, వసూళ్ళు తప్ప వేరే విద్య ఎరగను. అటువంటి నేను రసాయనశాస్త్రం మీద వ్యాసం రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. కానీ మన పత్రిక సంపాదకులు "మీ మేనకోడలి సంగతి రాయండి, మన పిల్లలు చదువుతారు" అని రెండుసార్లు అడిగాక కాదనలేకపోయాను. ఇందులో తప్పులుంటే అవి నావి. ఒప్పులన్నీ ఆ పిల్ల నాకు ఓపిగ్గా చెప్పినవి.

మాది రాజపాళయం పక్కన చోళపురం. ఈ పత్రిక చదివేవారిలో ఆ ప్రాంతం ఎరిగినవారు చాలామంది ఉంటారు గనుక వర్ణించి విసిగించను. పడమట కొండలు, ఊరి చుట్టూ పత్తి, వరి, కొబ్బరి, మామిడి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నాకు ముప్ఫై దాటాక గాని రాలేదు. అదీ బ్యాంకువాళ్ళు భీమవరం బదిలీ చేయబట్టి. అక్కడ నా మాట విని కౌంటరు ముందున్నవాళ్ళు "ఈ సారుది ఏ ఊరో" అని ముసిముసిగా నవ్వుకునేవారు. భీమవరం ప్రస్తావన ఊరికే తేలేదు, మళ్ళీ వస్తుంది.

2016 మే నెలలో నేను నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. మా అక్క కూతురు కూడా వచ్చింది. అప్పటికి నాలుగేళ్ళుగా పిహెచ్.డి. చేస్తోంది. జూన్ చివరివారంలో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో ఒక అంతర్జాతీయ సదస్సు. అందులో తన పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద, వాళ్ళ భాషలో పోస్టరు, చూపించి పక్కన నిలబడి అడిగినవారికి జవాబు చెప్పాలి. సదస్సు విషయం మాలిక్యులర్లీ ఇంప్రింటెడ్ పాలిమర్స్. తెలుగులో అణుముద్రిత పాలిమర్లు అనుకుందాం.

మా అమ్మ, అంటే ఆ పిల్లకు అవ్వ, అరుగు మీద కూర్చుని అడిగింది: "అంత దూరం పోయి ఏం సేస్తావు పాపా?"

పాప ఇంగ్లీషులో ఎంతమందికి చెప్పిందో గాని, అవ్వకు చోళపురం తెలుగులో చెప్పాలంటే తడుముకుంది. నేను కోవిల్‌పట్టి నుంచి తెచ్చిన వేరుశనగ మిఠాయి పళ్ళెంలో ఉంది. ఒక బిళ్ళ తీసుకుని, గోటితో ఒక పప్పును ఊడదీసి, "చూడవ్వా, పప్పు పోయింది, గుంట మిగిలింది. ఈ గుంటలో మళ్ళీ వేరుశనగ పప్పే పడుతుంది. బఠాణీ పడదు, కందిపప్పు పెడితే వదులుగా ఉంటుంది. నేను ఇట్లాంటి గుంటలే చేస్తా ఉండా, కాకపోతే కంటికి కనపడనంత సన్నవి" అంది.

మా అమ్మ బిళ్ళను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. "బెల్లం జిగట గదే. గుంట లేని చోట కూడా అంటుకుంటుంది గదా పప్పు?" అంది.

పాప ఏమీ మాట్లాడలేదు. బిళ్ళ పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ మాటకు అలిగిందేమో అనుకున్నాను. రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తీసుకుని నా దగ్గరకు వచ్చింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది.

అది చెప్పే ముందు ఈ విద్య ఏమిటో కొంచెం చెప్పాలి. బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు మీ దగ్గర సంతకం కార్డు తీసుకుంటాం కదా. తర్వాత మీరు ఎదురుగా లేకపోయినా, చెక్కు వస్తే ఆ కార్డుతో పోల్చి ఇది మీ సంతకమా కాదా అని తేలుస్తాం. అణుముద్రణ కూడా అటువంటిదే. ఏ పదార్థాన్ని గుర్తు పట్టాలో దాన్ని ముందుగా ఒక ద్రవంలో కలుపుతారు. దానితో చేయి కలపగల మెథాక్రిలిక్ ఆమ్లం వంటి చిన్న అణువులను చేరుస్తారు. అవి ఆ పదార్థం చుట్టూ తమకు వీలైన చోట పట్టుకుని నిలుస్తాయి. తర్వాత వాటన్నిటినీ కలిపి బిగించే మరో రసాయనం వేసి, గాలి తగలకుండా 60 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే మొత్తం గాజులా గట్టిపడుతుంది. దాన్ని నూరి, జల్లించి, మిథనాల్, అసిటిక్ ఆమ్లాలతో గంటల తరబడి కడిగితే లోపలున్న పదార్థం బయటికి పోతుంది. దాని ఆకారం గుంటగా మిగులుతుంది. ఆకారం ఒక్కటే కాదు, ఏ చోట చేయి పట్టుకుందో ఆ గుర్తు కూడా మిగులుతుంది. మళ్ళీ ఆ పదార్థం ఎదురైతే ఆ గుంట పట్టుకోవాలి. మన శరీరంలోని యాంటీబాడీలు చేసే పని ఇదే. అయితే యాంటీబాడీల తయారీకి చాలాసార్లు జంతువులు కావాలి, దాచటానికి చలిపెట్టె కావాలి. ఈ పొడి డబ్బాలో పోసి బీరువా మీద పెట్టినా చెడదు. కరెంటు ఉండీ ఉండని ఊళ్ళకు అది చిన్న సౌకర్యం కాదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1931లోనే కీవ్ నగరంలో పొల్యకోవ్ అనే ఆయన, ఏ ద్రవం సమక్షంలో సిలికాను తయారుచేస్తే ఆ సిలికా తర్వాత ఆ ద్రవాన్నే ఎక్కువగా పీల్చుకుంటుందని గమనించాడు. 1940లో లైనస్ పౌలింగ్ మన ఒంట్లో యాంటీబాడీలు కూడా ఇలాగే, రోగకారకాన్ని అచ్చుగా పెట్టుకుని చుట్టూ మడతపడి తయారవుతాయని ఒక సిద్ధాంతం చెప్పాడు. ఆ సిద్ధాంతం తప్పని తర్వాత తేలింది. కానీ ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాంక్ డికీ దాన్ని నమ్మి, మిథైల్ ఆరెంజ్ అనే రంగును అచ్చుగా వాడి సిలికా జెల్ చేస్తే అది నిజంగానే తన రంగును గుర్తుపట్టింది. ఆ ఫలితం 1949లో అచ్చయింది. తప్పు సిద్ధాంతం నుంచి సరైన ప్రయోగం పుట్టటం నాకు భలే నచ్చింది. మా ఆడిట్‌లో అలా ఎప్పుడూ జరగదు.

1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ సిలికా వదిలి ప్లాస్టిక్ జాతి పాలిమర్లలో ఈ ముద్ర వేశాడు. ఆయన పద్ధతిలో అచ్చును గట్టి బంధంతో కడతారు. లుండ్‌లో క్లాస్ మోస్‌బాక్ అంత గట్టిగా కట్టకుండా, బలహీనమైన బంధాలతోనే, అంటే ముడి వేయకుండా చేయి పట్టుకున్నట్టు, ఈ పని చేయవచ్చని 1981 నుంచి చూపించాడు. 1993లో ఆయన బృందం ఆస్తమా మందు థియోఫిలిన్, నిద్రమందు డయాజెపామ్‌లను రోగుల రక్తరసంలో ఈ పాలిమర్లతో కొలిచి 'నేచర్' పత్రికలో ప్రకటించాక ప్రపంచం అటు తిరిగింది. 2000లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మొదలై రెండేళ్ళకొకసారి ఈ సదస్సులు జరుగుతూ వచ్చాయి. 2008లో జపాన్‌లోని కోబే, 2010లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్, 2012లో పారిస్, 2014లో చైనాలోని ఝెన్‌జియాంగ్. తొమ్మిదోది 2016లో లుండ్‌లో. మోస్‌బాక్ ఊళ్ళోనే అన్నమాట. పాపకు అది పుట్టింటికి వెళ్ళినట్టే.

మనవాళ్ళెవరైనా ఉన్నారా అని నేను అడక్కపోతానా. చెంగోట దాటి వెళ్తే వచ్చే తిరువనంతపురంలోనే, అప్పట్లో ప్రాంతీయ పరిశోధనాలయం అని పేరున్న సంస్థలో, టి. ప్రసాదరావు, ఆయన బృందం లోహ అయాన్లను అచ్చుగా పెట్టి, ముఖ్యంగా యురేనియంను పట్టే పాలిమర్ల మీద చాలా పని చేశారు. వారి వ్యాసాలు ఈ రంగంలో వాళ్ళందరూ చదివేవే. పాప ఆ పేరు చెప్పగానే మా అమ్మ "మనోళ్ళేనా?" అంది. పేరు చూస్తే అలాగే ఉందన్నాను. అమ్మకు అది చాలు.

ఇక భీమవరం. 2002 ప్రాంతంలో ఐరోపా దేశాలు మన రొయ్యల సరుకులు కొన్ని తిప్పి పంపాయి. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాళ్ళు కనిపించాయని కారణం. మా శాఖలో లోను తీసుకున్న ఒకాయన సరుకు కూడా ఆ దెబ్బలో చిక్కింది. ఎగుమతి బిల్లు వసూలు కాకుండా తిరిగి వచ్చింది. ఆయన నా బల్ల ముందు కూర్చుని "నేను వెయ్యలేదండి, ఎవరు వేశారో తెలియదండి" అంటుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత 2003లో ఐరోపావాళ్ళు పెట్టిన నియమం ప్రకారం, కిలోలో 0.3 మైక్రోగ్రాముల క్లోరాంఫెనికాల్ ఉన్నా అప్పట్లో పరీక్షలో పట్టుబడాల్సి ఉండేది. పాప ఆ లెక్కను నా భాషలోకి మార్చింది: "వెయ్యి కోట్ల రూపాయల్లో మూడు రూపాయలు మామా." మూడు రూపాయల తేడా కోసం రాత్రి పదింటిదాకా శాఖలో కూర్చున్నవాణ్ణి గనుక నాకు అర్థమయింది. అన్నట్టు, తేనెలో, పాలలో, రొయ్యల్లో ఉన్న ఈ క్లోరాంఫెనికాల్‌ను ఏరి తీసే అణుముద్రిత పాలిమర్ గొట్టాలు ఆ తర్వాత బజారులోకి వచ్చాయి. వాటిని తయారుచేసిన కంపెనీ లుండ్‌దే.

అదే 2002లో నేను భీమవరంలో ఉండగానే చోళపురం నుంచి ఫోను. మా బావ పత్తికి మోనోక్రోటోఫాస్ కొడుతూ చేలో పడిపోయారు. నోట చొంగ, కంటి పాపలు చిన్న చుక్కలైపోయాయి. ఆసుపత్రిలో అట్రోపిన్ సూదులు వేసి రెండు రోజులు అట్టే పెట్టుకున్నారు. బతికారు. పాప అప్పుడు ఏడో తరగతి. స్ప్రే డబ్బాకు నీళ్ళు మోసి ఇచ్చింది తనే. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని 2005లో ప్రభుత్వం నిషేధించింది. పత్తికి మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం వాడారు. చేను మూలనున్న బావి దగ్గరే డబ్బాలు కడిగేవాళ్ళు కనుక, మా అక్క ఆ రోజు నుంచి ఆ నీళ్ళు ఇంటికి తేవటం మానేసింది. నీళ్ళలో మందు ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. పాప పిహెచ్.డి.కి ఎంచుకున్న పదార్థం ఏదో మీరు ఊహించే ఉంటారు. మోనోక్రోటోఫాస్.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో చూపించింది రెండు గీతలు. ఎర్రది ముద్ర వేసిన పొడి. నీలంది ముద్ర లేని ఉత్త పొడి. దాన్ని కూడా అన్నీ అవే పాళ్ళలో వేసి చేస్తారు, అచ్చు పదార్థం ఒక్కటి తప్ప. పక్కన సాక్షిలా పెట్టుకోవటానికి. ముద్ర వేసింది ఎక్కువ పట్టి, ఉత్తది తక్కువ పడితేనే గుంటలు పని చేస్తున్నట్టు. పాప గీతల్లో రెండూ దాదాపు ఒకటిగా పోతున్నాయి. ఉత్త పొడి కూడా మందును పట్టేస్తోంది.

"అవ్వ అడిగింది ఇదే మామా" అంది. "గుంట లేకపోయినా అంటుకుంటా ఉంది."

పెద్దవారొకరు "మొదటిసారి వెళ్తున్నావు, ఎర్ర గీత మాత్రం పెట్టు, నీలం అడిగినప్పుడు చూద్దాం" అని సలహా ఇచ్చారట. పిల్ల మేలు కోరే చెప్పి ఉంటారు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "నష్టం ఖాతా దాచి బ్యాలెన్స్ షీటు వేస్తే దాన్ని మేమేమంటామో తెలుసా?" అన్నాను. పాపకు కోపం వచ్చింది. "మీకేం మామా, మీరు సంతకం పెట్టి ఇంటికి పోతారు. ఇది నా నాలుగేళ్ళు" అని లేచి వెళ్ళింది. ఆ మాట నిజమే. మర్నాడు కూడా నాతో సరిగా మాట్లాడలేదు.

డబ్బు సంగతి ఒక ముక్కలో చెప్తాను. ప్రయాణ ఖర్చుకు పెట్టుకున్న దరఖాస్తు తిరిగి వచ్చింది. నా ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేయకుండా దాని మీద లోను తీసుకున్నాను. వడ్డీ నష్టం తక్కువ. ఇలాంటి విషయాల్లో బి.కాం. పనికొస్తుంది.

బయలుదేరే ముందు రోజు మధురైలో అచ్చు వేయించిన పోస్టరును మా ఇంట్లో మంచం మీద పరిచింది. నేను కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. ఎర్ర గీత, నీలం గీత, రెండూ ఉన్నాయి. ఇద్దరం దాని గురించి ఏమీ అనుకోలేదు. మా అమ్మ పంపిన కందిపొడి డబ్బాను నా భార్య పెట్టెలో పోస్టరు గొట్టం పక్కన సర్దింది.

కోపెన్‌హాగన్‌లో దిగి సముద్రం మీది వంతెన దాటి రైల్లో స్వీడన్ చేరాలి. ఆ ఏడాది ఆ రైళ్ళలో పాస్‌పోర్టులు తనిఖీ చేస్తున్నారు. పాప గుండె ఆగినంత పనయిందట, పత్రాలన్నీ సరిగా ఉన్నా. లుండ్ విశ్వవిద్యాలయం 1666లో పెట్టింది. పెద్ద చర్చిలో మధ్యయుగాల నాటి గడియారం ఒకటి ఉంది, గంటలే కాక సూర్యచంద్రుల గతులు కూడా చూపిస్తుంది. రాత్రి పదయినా వెలుతురే. ఆ వెలుతుర్లో నిద్ర పట్టక, మనకు అర్ధరాత్రి దాటాక నాకు వాట్సాప్‌లో ఫోను చేసేది.

పోస్టర్ల రోజున మొదటి గంట ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు శీర్షిక చదివి, తల ఊపి, పక్క పోస్టరుకు పోయారు. పక్కది అందమైన రంగుల పోస్టరు, గీతలన్నీ ఆకాశానికి. తర్వాత నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు వచ్చి నేరుగా నీలం గీత మీద వేలు పెట్టారు. పాపకు చెమటలు పట్టాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "గట్టిపరిచినప్పుడు వాడిన ద్రవం ఏమిటి?" క్లోరోఫారం అంది. "పరీక్షించింది?" నీళ్ళలో, బావి నీళ్ళ కోసం కదా. "అదీ సంగతి" అన్నారట.

నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. క్లోరోఫారంలో ఆ చిన్న అణువులు మందుతో చేయి కలిపి నిలుస్తాయి. నీళ్ళలో ఆ పని కష్టం, ఎందుకంటే నీటి అణువులే మధ్యలో దూరి ఆ చేతులు పట్టుకుంటాయి. గుంటకూ గుంట లేని చోటికీ తేడా మాసిపోతుంది. ఆయన చెప్పిన ఉపాయం: బావి నీళ్ళను పొడి మీదుగా పోనివ్వు, తర్వాత పొడిని బాగా ఆరనివ్వు, ఆరాక నీళ్ళు కాని తేలికపాటి ద్రావకంతో ఒకసారి కడుగు. ఊరికే అంటుకున్నది ఆ కడుగుడులో పోతుంది, గుంటలో కూర్చున్నది ఉంటుంది. అప్పుడు లెక్క చూడు. పొడిలో మెథాక్రిలిక్ ఆమ్లం కూడా ఎక్కువ వేశావు, అది విడివిడిగా ఎక్కడపడితే అక్కడ పట్టుకుంటోంది, తగ్గించు.

అరగంట నిలబడ్డారట. ఆయన్ను చూసి మరో నలుగురు చేరారు. జపాను విద్యార్థి ఒకడు తన నోట్‌బుక్ తెరిచి తన నీలం గీత చూపించాడు. పెద్దాయన వెళ్తూ, ఈ గీత మా అందరి దగ్గరా ఉంటుంది, అందరూ ఇక్కడిదాకా తీసుకురారు అన్నారట. ఆయన పేరు చదువుదామంటే మెడలోని కార్డు వెనక్కి తిరిగి ఉంది. పాపకు ఆ దిగులు ఇప్పటికీ ఉంది.

వచ్చాక మొత్తం మళ్ళీ మొదలు. నాలుగేళ్ళ పనిలో రెండేళ్ళది పక్కన పెట్టేసింది. ఆ నవంబరులో పెద్ద నోట్ల రద్దు వచ్చి నేను శాఖలో అసలు నోట్లు, నకిలీ నోట్లు వేరు చేసుకుంటూ కూర్చుంటే, అక్కడ తను పొళ్ళు కడుగుతూ కూర్చుంది. ఆదివారాలు ఇద్దరం ఒకరి గోడు ఒకరు వినేవాళ్ళం. 2017లో రెండు గీతలూ విడిపోయాయి. అంటే ఆకాశమంత కాదు, కానీ స్పష్టంగా. ఒక చిక్కు మాత్రం మిగిలిపోయింది. మోనోక్రోటోఫాస్‌కు అన్నలాంటి డైక్రోటోఫాస్ అనే మందు ఉంది, అణువులో చిన్న తేడా. దాన్ని కూడా ఈ పొడి పట్టేస్తోంది. కొడుకు పెట్టిన తండ్రి సంతకం లాంటిది, కౌంటరులో నేనూ మోసపోయిన సందర్భాలున్నాయి. అది కూడా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసింది. ఏడాది ఆలస్యమైనా పట్టా వచ్చింది.

ఇప్పుడు ఒక నగరంలో ఆహార పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తోంది. ఈ పాలిమర్లు పరీక్షకు ముందు సరుకులోని చెత్తను తీసి, కావలసినదాన్ని ఏరి ఇచ్చే పని బాగా చేస్తాయట. తుది తీర్పు మాత్రం ఇప్పటికీ లక్షల ఖరీదు చేసే మాస్ స్పెక్ట్రోమీటరుదే. రైతు జేబులో పెట్టుకుని తిరిగే పరీక్ష కోసం చాలా దేశాల్లో పని జరుగుతోంది. ఆ తర్వాతి సదస్సు 2018లో జెరూసలేంలో జరిగినప్పుడు ఇది వెళ్ళలేదు. పెళ్ళి కుదిరింది.

మా బావ ప్రతి సంక్రాంతికీ అడుగుతారు: "ఏమ్మా, బావిలో ముంచి చూసే కాగితం ముక్క ఏదో చేస్తానంటివే, అయిందా?"

"ఇంకా లేదు నాయనా" అంటుంది.

2019లో సంక్రాంతికి వచ్చి, వెళ్ళేటప్పుడు గోధుమరంగు సీసాలో ఆ బావి నీళ్ళు పట్టుకుపోయింది. వారం తర్వాత ఫోను చేసి, మోనోక్రోటోఫాస్ ఏమీ కనిపించలేదు, ఆ మందు వరకు భయం లేదు, మిగతావి కూడా ఒక్కొక్కటీ చూస్తానంది. బావ సంతోషించి చేదకు కొత్త తాడు కొన్నారు. మా అక్క ఇప్పటికీ ఆ నీళ్ళు మొక్కలకే పోస్తుంది.